మొగ్గ కనబడితే బాబాయి

మా బాబాయికి మొగ్గ కనబడితే చేతులు ఊరుకోవు. విచ్చుకునేలోపే తుంచి జేబులో వేసుకుంటాడు. ఆయన బ్యాంకుకి వెళ్లొస్తే మేనేజరు బల్ల మీది కుండీ బోడిదైపోయేది. ఆస్పత్రికి పరామర్శకి వెళ్తే, పూలగుత్తులు తెచ్చినవాళ్లు వాటిని వీపు వెనక దాచుకునేవారు.

"అదేం జబ్బయ్యా?" అని అడిగితే, "ఉద్యోగం" అనేవాడు గంభీరంగా.

అబద్ధమేం కాదు. ఆయన పనిచేసే పరిశోధనశాలలో జన్యువులు మార్చిన ఆవమొక్కలు పెంచుతారు. అవి మట్టిలోని సీసం అనే విషలోహాన్ని వేళ్లతో పీల్చి ఆకుల్లో దాచుకుంటాయి. ఆ ఆకులు కోసి జాగ్రత్తగా తీసుకుపోతే, విషం కూడా వాటితోనే పోతుంది. షరతు ఒకటే, పూత పూయకూడదు. పుప్పొడి బయటికి పోయిందా, అనుమతి రద్దు.

అలాంటి మొక్కల్ని ప్రయోగమని చెప్పి, అనుమతి తెచ్చుకుని మరీ పిన్ని పెరట్లో నాటాడు, ఘనుడు. పిన్ని ఇంట్లోనే పసిపిల్లల బడి నడుపుతోంది. పిల్లలు గెంతే చోటు చుట్టూ కంచె వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"మీ ప్రయోగానికి ఊళ్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా? పిల్లలు గదిలో మగ్గిపోతున్నారు" అంది పిన్ని.

"మన పెరడైతే ఆఫీసుకి దగ్గర."

ఆఫీసు ఊరికి అవతలి కొసన ఉంది. పిన్ని మూతి ముడిచింది, ఏళ్లు గడిచినా ఆ ముడి విప్పలేదు. బాబాయి రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని మొగ్గల వేటకి బయల్దేరేవాడు. అదే ఊపులో పిన్ని ముచ్చటపడి కిటికీలో పెట్టుకున్న బంతిమొక్కనీ బోడి చేశాడు.

పోయినవారం మట్టి పరీక్షలు చేసే ఆవిడ వచ్చి, "సీసం పోయిందండీ, ఇక పిల్లల్ని వదలొచ్చు" అంది.

"సీసమా? మా పెరట్లోకి ఎలా వచ్చింది?" అంది పిన్ని.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "వానకి ఎక్కణ్నుంచో కొట్టుకొచ్చింది."

పిన్ని మూలనున్న రేకుల షెడ్డు వైపు చూసింది. వాళ్ల నాన్న పాత బ్యాటరీలు విప్పి సీసం తీసి అమ్మిందీ, ఆ సంపాదనతో ఆమెని చదివించిందీ అందులోనే.

"నాన్న షెడ్డు నుంచే కదూ? నాకెందుకు చెప్పలేదు?"

"పోయిన మనిషిని ఎందుకు తిట్టించడం? తిట్లు నాకైతే అలవాటే."

ఆ మాటకి నాకు బాబాయి మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. పిన్ని ఆయన జేబులోంచి తాళంచెవి తీసుకుంది.

ఇప్పుడు పెరడంతా పిల్లల గోలే. కంచె తీసేసిన చోట పిన్ని మామూలు గులాబీ నాటింది. నిన్న దానికి మొదటి మొగ్గ వేసింది. బాబాయి చెయ్యి దానంతటదే ముందుకి సాగింది. పిన్ని చేతిలోని గరిటెతో ఒక్కటి వేసింది.

"ఇది పూయొచ్చు."

బాబాయి చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని, విచ్చుకుంటుందేమోనని సాయంత్రందాకా దాని ముందే కూర్చున్నాడు.