ఫ్లెక్సీకి మా చిట్టి ఫొటో

మా చిట్టి తొమ్మిదో తరగతి. లెక్క అందరికంటే ముందే చేసేసి, "ఇంకోలా కూడా చెయ్యొచ్చు సార్" అంటాది. అంతే, లెక్కల సారు దాన్ని వరండాలో నిలబెట్టేస్తాడు. క్యారేజీ ఇవ్వడానికెళ్లి ఓరోజు కళ్లారా చూశాను. ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చేశాను.

మొన్న జిల్లా లెక్కల పోటీలో దానికి ఫస్టొచ్చింది. ఈ రోజు ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు.

"ఆమదాలవలస స్టేషన్ దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తున్నామమ్మా. పాప ఫొటో మంచిదొకటి పంపండి."

"మీ స్కూల్లో తీసిందే ఉన్నాది సార్" అని ఆ వరండా ఫొటో పంపేశాను.

వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయి. స్టేషన్ వైపెళ్లేవాళ్లు ఎవరైనా ఫ్లెక్సీ కట్టారో లేదో చూసి చెప్పండి. వాళ్లు కట్టకపోతే నేనే కట్టిస్తాను.