మంద్ర పంచమంలో గురగుర

తొంభైల చివర్లో, ఒక జూన్ నెలలో నన్ను టెక్కలిలోని చిన్న సంగీత పాఠశాలకు వయొలిన్ అధ్యాపకుడిగా వేశారు. నాతో పాటు నా సెల్లో కూడా వచ్చింది. సెల్లో అంటే వయొలిన్‌కు పెద్దన్న లాంటిది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించాలి. దానికి టికెట్టు కొట్టాలా, లగేజీ రాయాలా అని బస్సు కండక్టర్లు ప్రతిసారీ నాతో తగువు పడేవారు.

మా సిలబస్‌లో సెల్లో లేదు. వయొలిన్ విభాగం కింద ‘ప్రత్యేక వాద్యం’ అని రాయించి, ఒక్క విద్యార్థికి నేర్పడానికి అనుమతి తెచ్చుకున్నాను. ఆ ఒక్కరు నూకరత్నం, ఉద్దానం తీరంలో చేపల వేట చేసే కుటుంబం పిల్ల. గాత్రం నేర్చుకుందామని వచ్చి, పక్క గదిలో సెల్లో విని అక్కడే కూలబడిపోయింది. నాలుగేళ్లు నా వాద్యం మీదే సాధన చేసింది. డిప్లొమా ప్రాక్టికల్‌లో ఆమె తప్పితే అనుమతి రద్దవుతుందని ప్రిన్సిపాల్ ముందే చెప్పారు. అంటే ఆమె చదువు అక్కడితో సరి.

పరీక్ష పక్షం రోజులుందనగా మంద్ర పంచమంలో, అంటే కింది స్థాయి ‘ప’ పట్టినప్పుడల్లా, గురగుర మొదలైంది. నేను వాయిస్తే తక్కువ, ఆమె వాయిస్తే ఎక్కువ. ఇంకేం, తప్పు ఆమె చేతిదేనని తేల్చేశాను.

“సెయ్యి మార్సి మార్సి సూసినానండి మాస్టారూ, అది పోడం నేదు,” అంది.

చెయ్యి మార్చడం కాదు, బుద్ధి పెట్టమన్నాను. పరీక్షకు ముందు మేమిచ్చే అంతర్గత మార్కుల రిజిస్టరులో ‘కుడిచేతి అదుపు లేదు’ అని రాసి సంతకం కూడా పెట్టాను.

పరీక్ష రెండు రోజులుందనగా ఆమె తండ్రి ఎర్రయ్య వచ్చాడు. పిల్ల అన్నం మానేసిందని, ఆ చప్పుడేటో తనూ వింటానని అన్నాడు. నాకు లోపల చిరాకే. సరే, వాయించమన్నాను. కాసేపు విని, నల్లబల్ల దగ్గరున్న కర్ర అడిగి తీసుకున్నాడు. దాని ఒక కొస సెల్లో పొట్టకు ఆనించాడు, రెండో కొస తన చెవికి. అదే స్వరం ఆపకుండా వాయించమని కూతురికి సైగ చేసి, అంగుళం అంగుళం కర్ర జరుపుతూ పోయాడు. కింద ఎడమ అంచు దగ్గర ఆగి, అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

గురగుర ఆగిపోయింది. వేలు తీస్తే మళ్లీ వచ్చింది.

“పిల్ల సెయ్యి కాదండి. పెట్టె అతుకు ఇడిపోనాది,” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా నా గుండెకు ఆనించుకుని వాయిస్తున్న వాద్యం అది. ఇది ఎలా తెలిసిందని అడిగాను. గొరస చేపలు నీళ్లడుగున గురగురమంటాయట. తెడ్డు నీళ్లలోకి దించి, పైకొసకు చెవి ఆనిస్తే గుంపు ఏ పక్కనుందో తెలుస్తుందట.

“మా అయ్య నేర్పినాడండి. మీకెవులూ నేర్పనేదా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

ఉప్పుగాలికి జిగురు వదిలి, వెంట్రుకవాసి సందు పడింది. వడ్రంగులు వాడే వజ్రం జిగురు కాచి నేను సందులో నింపాను. ఎర్రయ్య చెక్క ఒరుసుకోకుండా గుడ్డ చుట్టి, వలతాడుతో చుట్టూ బిగించి కట్టాడు. ఒక రోజంతా అలాగే ఉంచాం.

పరీక్ష నాడు బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి మంద్ర పంచమం పట్టి, ఆ స్వరం మీదే నిలబడమన్నారు. నూకరత్నం నిలబడింది. ఆయన కలం పక్కన పెట్టి కళ్లు మూసుకున్నారు. ఆమె మొదటి శ్రేణిలో ప్యాసయింది. సెల్లో తరగతి నేను రిటైరయ్యేదాకా నడిచింది.

రిజిస్టరులో దిద్దుబాటు చేస్తే కారణం రాసి, ప్రిన్సిపాల్ చేత సంతకం చేయించాలి. పరీక్షకు ముందురోజే నా మాట కొట్టేసి, ‘దోషం వాద్యానిది, విద్యార్థినిది కాదు, తండ్రి కనిపెట్టాడు’ అని రాశాను. అదే మాట నూకరత్నంతో నోటితో చెప్పడానికి మాత్రం నాకు ఇంకో వారం పట్టింది. ఆ తర్వాత ఏ శిష్యుడి చేతినైనా తప్పుపట్టే ముందు, ఆ కర్ర తెచ్చి వాద్యానికి ఆనించి వినేవాణ్ణి. చాలాసార్లు తప్పు చేతిదే. అయినా ముందు వినేవాణ్ణి.