చేతులు వెనక్కి పెట్టుకున్న వదిన

మా వదిన వయసులో నాకంటే చిన్నది, పనిలో నాకంటే చాలా పెద్దది. ఫ్యాక్టరీ మూతపడి నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, "మరిదిగారూ, గోళ్లు అయిపోయుంటాయి, ఇక లేవండి" అని తను పనిచేసే బార్‌కి లాక్కెళ్లి కౌంటర్ వెనక నిలబెట్టింది. అలాంటి మనిషి మీద ఒక శనివారం నాకు ఒళ్లు మండిపోయింది.

గ్లాసులు నింపడంలో వదిన చేయి తిరిగిన మనిషి. కానీ ఏళ్ల తరబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. కౌంటర్ పని ఇక ఎన్నాళ్లో సాగదని ఆవిడకీ తెలుసు, అన్నయ్యకీ తెలుసు. అందుకే మేనేజర్ మానేయగానే ఆ ఉద్యోగం అడిగింది. ఓనరమ్మ కాదనలేదు, అవుననలేదు. వారం చూస్తాను, నచ్చకపోతే బయటివాళ్లను పెట్టుకుంటాను అంది.

మొదటి సాయంత్రమే జనం పోటెత్తారు. నా నత్తనడక చూసి వదిన ఆగలేకపోయింది. నన్ను పక్కకు నెట్టి, తనే గ్లాసుల మీద గ్లాసులు అందించింది. నేను హాయిగా నిమ్మకాయలు కోసుకున్నాను. ఈలోగా హాల్లో ఐసు నిండుకుంది. వెయిటర్లిద్దరు ఒక బల్ల నీదంటే నీదని వాదులాడుకున్నారు. ఆ బల్లవాళ్లు విసిగి లేచిపోయారు.

మర్నాడు ఓనరమ్మ నా ఎదుటే అడిగింది.

"నీ చేతి నేర్పు నాకు తెలుసమ్మా, ఇన్నాళ్లూ దానికే జీతమిచ్చాను. మేనేజర్‌కిచ్చేది కళ్లకి. నిన్న హాలు ఎవరు చూశారు?"



శనివారం మళ్లీ అదే రద్దీ. కౌంటర్ ముందు మనుషుల గోడ. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒకరిది ఒకరికిచ్చాను, ఒక గ్లాసు పగలగొట్టాను. వదిన మాత్రం హాలు మధ్యలో చేతులు వెనక్కి పెట్టుకుని, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా నిలబడింది.

"వదినా, ఒక్క చేయి వెయ్యండి" అని బతిమాలాను.

"మీరు చేస్తారు మరిదిగారూ. ముందు ఆ ఎర్రచొక్కా ఆయనది ఇవ్వండి" అంది. కదల్లేదు. నేను పళ్లు నూరాను.

కానీ అడక్కుండానే ఐసు వచ్చింది. వదిన చెప్పగానే నా ముందు తోసుకుంటున్నవాళ్లు కొందరు బల్లల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. అప్పటికే బాగా ఎక్కువైన ఒకాయన ఇంకోటి పొయ్యమంటే, వదిన ఆయన పక్కన కూర్చుని నవ్వుతూనే కుదరదంది, ట్యాక్సీ పిలిపించింది. వెళ్తూ ఆయన నమస్కారం పెట్టాడు. ఇదంతా నాకెలా కనిపించిందంటారా? ఎప్పుడో నా చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి, నాకు తలెత్తి చూసే తీరిక దొరికింది.

జనం పలచబడ్డాక ఓనరమ్మ వచ్చింది. "మీ మరిది అంత అవస్థపడుతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావ్?" అని అడిగింది.

"నేను వెళ్తే ఇవాళ గట్టెక్కుతాం. ఆయనకి మాత్రం ఎప్పటికీ పని రాదండీ" అంది వదిన.

"రేపట్నుంచి తాళాలు నీ దగ్గరే ఉంచుకో" అంది ఓనరమ్మ.

నా కోపం పూర్తిగా చల్లారలేదు. అభినందనలు కూడా ముక్తసరిగా చెప్పాను. వదిన నవ్వి, ఇంతసేపూ వెనక పట్టుకున్న చేతిగుడ్డ కౌంటర్ మీద పెట్టి, కాళ్లు చాపుకోవడానికి వెళ్లింది. ఉతకడానికి తీశాను. గుడ్డ నిండా ముడులు, ముడి మీద ముడి. నేను తడబడిన ప్రతిసారీ ఆవిడ చేతులు ఏం చేశాయో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నన్ను చూసి పని నేర్చుకునేవాళ్లున్నారు. ఉద్యోగం ఇప్పించినందుకు వదినకు ఎన్నోసార్లు కృతజ్ఞతలు చెప్పాను. ఆ సాయంత్రం సాయం రానందుకు మాత్రం ఎలా చెప్పాలో తెలియక, మర్నాడే ఆ ముడులన్నీ ఒక్కొక్కటే విప్పి, గుడ్డ ఉతికి, మడతపెట్టి ఆవిడ చేతికిచ్చాను.