ఎయిర్‌పోర్టులో వదిలిన ఒక్క చుక్క

ఒక మంగళవారం ఉదయం పది గంటల రెండు నిమిషాలకు, మా వైపు వాళ్ళం విమానం ఎక్కడానికి వెళ్ళే ఎయిర్‌పోర్టులో, కౌంటర్ల హాలు మొత్తం ఏడ్చింది. సూటు వేసుకున్నవాళ్ళు ఏడ్చారు, పంచె కట్టుకున్నవాళ్ళు ఏడ్చారు, తుపాకీ పట్టుకుని నిలబడ్డవాళ్ళు కూడా ఏడ్చారు. ఎవరికీ ప్రమాదం జరగలేదు, ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకండి. ఏడిపించింది మాత్రం నేనే. అయిదేళ్ళయింది. ఇప్పటికీ తలుచుకుంటే కోపంతో నిద్ర పట్టదు. ఎవరి మీద కోపం అంటే, వరసగా చెబుతాను.

అప్పుడు నాకు అరవై ఆరు. వయసులో ఉన్నాను కదా, పొగరు ఎక్కువ. ముప్పై నాలుగేళ్ళు శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయినదాన్ని. ఎన్ని ఊళ్ళు, ఎంతమంది పిల్లలు, ఏ తేదీన ఏ టీకా, సీసాలో ఎన్ని డోసులు మిగిలాయి, అన్నీ రిజిస్టరులో ఉండేవి. ఒక్క అంకె తప్పిందని ఎవరూ నన్ను అనలేదు. అననివ్వలేదు.

మా తమ్ముడి కూతురు మౌనికకు హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. ఉత్తరంలో స్పష్టంగా రాశారు: ఆ మంగళవారం సాయంత్రం నాలుగు గంటల్లోపు చేరాలి. చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారు. రెండేళ్ళు తిరిగితే వచ్చిన ఉద్యోగం అది. పిల్ల ఎప్పుడూ జిల్లా దాటలేదు. నేను తోడు వెళ్ళి హాస్టల్లో దింపి వస్తానన్నాను. అంతటితో ఆగి ఉంటే ఈ పాటికి నా పరువు నా దగ్గరే ఉండేది.

ఆగలేదు. ఊరు కాని ఊళ్ళో ఒంటరి ఆడపిల్ల, చేతిలో ఏదో ఒకటి ఉండాలని బజారుకెళ్ళి మిరియాల స్ప్రే కొన్నాను. మొబైల్ కవర్లు అమ్మే కొట్లో దొరికింది. మొదట ఇచ్చిన డబ్బాకు ఎక్స్‌పైరీ ఇంకా అయిదు నెలలే ఉంది. నేను ఒప్పుకుంటానా? పెట్టె మొత్తం దింపించి, అడుగున ఉన్న కొత్తది ఏరుకున్నాను.

"మామ్మగారూ, ఇది టానిక్కు కాదండి, తాగేది కాదు" అన్నాడు కొట్టాయన.

"అవసరానికి పనిచెయ్యకపోతే నువ్వొస్తావేటి హైదరాబాదు?" అన్నాను.

విమానంలో ఇలాంటివి తీసుకెళ్ళవచ్చా అని అనుమానం వచ్చింది. చూశారా, అంత జాగ్రత్త గలదాన్ని. ఫోన్‌లో వెతికాను. ఇంగ్లీషులో నియమం చక్కగా దొరికింది: మనిషికి ఒకే డబ్బా, నూట పద్దెనిమిది మిల్లీలీటర్లు మించకూడదు, పొరపాటున నొక్కుకుపోకుండా లాక్ ఉండాలి, చేతిసంచిలో కాకుండా లోపలికి పంపే పెట్టెలోనే పెట్టాలి. నెట్ సెంటరులో ప్రింటు తీయించాను. తర్వాత మా డిపార్ట్‌మెంట్ సర్క్యులర్లను ముప్పై నాలుగేళ్ళు ఏం చేశానో దాన్నీ అదే చేశాను. పైన, కింద, పక్కన తెల్ల అంచులు కత్తిరించి, విషయం మాత్రం మిగిల్చి, నా డైరీలో అంటించాను. రిజిస్టరులో కాగితం బయటికి పొడుచుకు వస్తే నాకు తేలు కుట్టినట్టుంటుంది.

ఆ కత్తిరింపుల్లో ఏం పోయిందో తర్వాత తెలుస్తుంది.

తెల్లవారుతూనే శ్రీకాకుళంలో బయల్దేరాం. ఎనిమిది ముప్పై అయిదుకు ఎయిర్‌పోర్టులో ఉన్నాం. విమానం పదకొండు పదికి. పెద్ద వరస దాటుకుని తొమ్మిది యాభైకి కౌంటరు దగ్గరకు చేరాం. మా వెనక ఒక భారీ మనిషి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, మెడలో గొలుసు, బుగ్గన కిళ్ళీ. సాలూరులో తనకు ఆరు లారీలున్నాయని ఫోన్‌లో ఎవరికో అరుస్తున్నాడు. మౌనిక వైపు రెండుసార్లు చూశాడు. రెండుసార్లు అని ఎలా తెలుసంటే, లెక్కపెట్టాను. ఇలాంటి వాళ్ళ కోసమే గదా స్ప్రే అనుకున్నాను మనసులో.

కౌంటరులో అమ్మాయి బొమ్మల అట్ట ఒకటి చూపించి, "వీటిలో ఏవైనా బ్యాగులో ఉన్నాయా అమ్మా?" అని అడిగింది.

"లేవండి" అంది మౌనిక.

"ఒసే, అబద్ధాలాడతావేటే! ఉన్నాది, సెప్పు" అన్నాను నేను. "మిరియాల స్ప్రే ఉంది తల్లీ. పెద్ద పెట్టెలోనే పెట్టాం. నియమం ప్రకారమే."

అమ్మాయి ముఖం మారింది. "సారీ అమ్మా, అది చేతిసంచిలోనూ కుదరదు, లోపలికి పంపే పెట్టెలోనూ కుదరదు. తీసేయాలి."

"కుదరదంటే ఎలా? నూట పద్దెనిమిది దాకా ఉండొచ్చు. ఇది యాభై అయిదు. మీకే ఇంకా అరవై మూడు మిగిలాయి" అని డైరీ తీసి బల్ల మీద పరిచాను.

"అత్తా, ఆ డైరీ లోపలెట్టీ. పారీసి ఎల్లిపోదాం" అని మౌనిక నా చీర లాగింది.

"నువ్వూరుకో. నియమం సదివినదాన్ని నాను."

వెనక నుంచి సాలూరు లారీల ఆయన గొంతు. "బేగి తేల్చండమ్మా! ఇక్కడ మా ఇమానం ఎల్లిపోతాది."

"మీ లారీ కాదు బాబూ, హారన్ కొడితే తప్పుకోడానికి" అన్నాను తిరిగి చూడకుండా.

"ఓలమ్మో, మా ఇంటిదాని గొంతు ఇక్కడికీ వచ్చీసిందేటి!" అన్నాడాయన. వరసంతా నవ్వింది. నాకు తల నుంచి కాళ్ళదాకా మండింది.

టై కట్టుకున్న సూపర్‌వైజర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నా డైరీని రెండు చేతులతో, చాలా మర్యాదగా పట్టుకుని చదివాడు. చదివి, పెదవులు బిగించుకున్నాడు. నవ్వు ఆపుకునేవాళ్ళు పెదవులు ఎలా బిగిస్తారో నాకు తెలుసు.

"అమ్మా, ఈ కాగితానికి పైన ఏదో ఉండాలే?"

"అంచు. కత్తిరించాను."

"ఆ అంచులో దేశం పేరు ఉండి ఉంటుందమ్మా. ఇది అమెరికా నియమం. ఇదిగో, బ్రాకెట్‌లో ఔన్సులు ఉన్నాయి చూడండి. మన దగ్గర ఔన్సుల్లో ఎవరు కొలుస్తారు?"

చూశాను. నాలుగు ఔన్సులు. జీవితమంతా మిల్లీలీటర్లతో కాపురం చేసిన నా కళ్ళ ముందు ఔన్సులు వారం రోజులు కూర్చుని ఉన్నాయి, నేను పలకరించలేదు. కత్తెర మీద కోపం వచ్చింది. నియమం ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా పెట్టిన ప్రపంచం మీద కోపం వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా, తప్పు నాదని ఇంత మర్యాదగా చెప్పిన ఆ కుర్రవాడి మీద వచ్చింది. కసురుకుని ఉంటే నేనూ కసురుకునేదాన్ని, సరిపోయేది.

"అక్కడ చెత్తడబ్బా ఉంది, అందులో వేసేయండి. అయిదు నిమిషాల్లో మీ పని అయిపోతుంది. పది పదికి కౌంటరు మూసేస్తాం" అన్నాడు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గడియారంలో పది. చెత్తడబ్బా పదడుగుల దూరంలో ఉంది. నేను పదడుగులు నడిస్తే ఈ కథ లేదు. కాని పెట్టె తెరిచి స్ప్రే చేతిలోకి తీసుకున్నాక నా నోరు ఊరుకోలేదు. "సీలు తీయని మందు పారేయడం నా సర్వీసులో లేదు. ఏ కారణంతో పారేశారో రాసి ఇవ్వండి" అన్నాను.

సూపర్‌వైజర్‌కీ ఓపిక అయిపోయినట్టుంది. "అసలు అది నిండుగా ఉందా? పనిచేస్తుందా? ఖాళీ డబ్బా కోసమా ఇంత గొడవ?" అన్నాడు.

ఆ మాట అనకూడదు. నర్సుని అలా అడక్కూడదు.

ఎందుకంటే, ముప్పై నాలుగేళ్ళు రోజుకు యాభై అరవై సార్లు నా చెయ్యి ఒకే పని చేసింది. సూది నిలువుగా పట్టుకోవడం, గోటితో రెండుసార్లు తట్టడం, బొటనవేలితో నెమ్మదిగా నొక్కి ఒక్క చుక్క పైకి వదలడం. గాలి పోయిందా, మందు వస్తోందా అని చూసుకోవడం. ఆ చుక్క చూడకుండా నేను ఏ పిల్ల తొడలోనూ సూది దించలేదు. పనిచేస్తుందా అని అడిగితే జవాబు నా నోరు చెప్పదు, చెయ్యి చెబుతుంది.

చెయ్యి చెప్పింది. లాక్ తిప్పింది. నిలువుగా పట్టుకుంది. గోటితో తట్టింది, రెండుసార్లు. "అత్తా, వద్..." అంది మౌనిక. బొటనవేలు నొక్కింది.

సిరంజికి ఒక్క చుక్క అంటే ఏమిటో తెలుసు. గ్యాసు డబ్బాకు తెలియదు.

నా నెత్తిన సరిగ్గా ఏసీ ఉందని అప్పటిదాకా చూసుకోలేదు. నేను పైకి పంపినదాన్ని అది అందుకుని హాలంతా పంచింది. మొదట సూపర్‌వైజర్ తుమ్మాడు. తర్వాత కౌంటరులో అమ్మాయి. తర్వాత ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పలేను, నేనూ కళ్ళు మూసుకున్నాను. దగ్గులు, తుమ్ములు, కేకలు. "ఒరే, నీళ్ళు!" "తలుపులు తియ్యండి!" నా సర్వీసులో పోలియో చుక్కలకు కూడా నూటికి నూరు శాతం కవరేజీ ఎప్పుడూ రాలేదు. ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు దాక్కునేవారు. ఆ రోజు అర నిమిషంలో వచ్చింది. ఒక్కరు మిగల్లేదు.

ఆ గందరగోళంలో కూడా సాలూరు గొంతు వినిపించింది. "ఓలమ్మో! మిర్చి లోడు మీద టార్పాలిన్ ఇప్పీసినట్టున్నాదిరా నాయనా!"

అందర్నీ బయటికి పంపారు. ఎండలో వరసగా నిలబడి కళ్ళు కడుక్కున్నాం. సెక్యూరిటీ అధికారి వచ్చాడు, ఆయన కళ్ళు కూడా చింతనిప్పులే. "ఎవరు?" అన్నాడు. నూరు చేతులు నా వైపు చూపించాయి. అందులో ఒకటి మౌనికది.

"సిగ్గునేదేటే? సొంత అత్తని సూపిస్తావేటి?"

"నాకు కళ్ళు కనిపించటంనేదత్తా! ఎటు సూపించానో నాకేటి తెలుస్తాది?" అని ఏడ్చింది. మిరియాల ఏడుపు కాదది. "నాలుగ్గంటలకి సేరకపోతే నా ఉద్యోగం పోతాది."

అప్పుడు తగ్గింది నా పొగరు. అధికారి మా ఇద్దర్నీ ఆపేస్తానన్నాడు. విచారణ అట, వాంగ్మూలం అట, రెండు మూడు గంటలట. హాలు గాలి బాగుపడ్డాక పది ఇరవై అయిదుకు కౌంటరు మళ్ళీ తెరిచారు. జనం లోపలికి వెళ్తున్నారు. మేం ఇద్దరం బయట.

"కాగితం ఇవ్వండి. నేను రాస్తాను" అన్నాను.

నిలబడే రాశాను, డైరీ ఆనించుకుని. పది గంటలకు ఎవరేమన్నారు, పది రెండుకు ఏ చేత్తో లాక్ తీశాను, డబ్బా ఎంత దూరంలో పట్టుకున్నాను, ఎన్ని క్షణాలు నొక్కాను, మౌనిక వద్దన్న మాట పూర్తి కాకముందే నొక్కానన్న సంగతి, అన్నీ. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది. ముప్పై నాలుగేళ్ళ రిజిస్టర్లలో నేను ఎక్కడా రాయని మాట అది. రాశాను: "తప్పు నాది. పిల్లకు ఏ సంబంధమూ లేదు." కింద సంతకం, తేదీ, టైము.

అధికారి చదివాడు. "ఇంత వివరంగా ఎవరూ రాయరమ్మా. మళ్ళీ అడగడానికి ఏమీ మిగల్చలేదు" అని, మౌనికను వెళ్ళమన్నాడు. నన్ను కాదు.

పది ముప్పై ఎనిమిది. పెద్ద పెట్టె, చేతిసంచి, కళ్ళు సగం మూసుకుపోయిన పిల్ల. ఒక్కర్తీ. లోపల ఎటు వెళ్ళాలో కూడా తెలియదు. నేను గడప దాటడానికి లేదు. అప్పుడొచ్చాడు సాలూరాయన, ముక్కు తుడుచుకుంటూ. పెట్టె అందుకున్నాడు.

"పదే గుంటా. నా కూతురూ నీ ఈడుదే, పొద్దున్నించీ సూస్తే అదే గుర్తొస్తన్నాది. పరిగెట్టు!"

రెండుసార్లు చూసిన లెక్క అక్కడ తేలింది. నా లెక్కే తప్పు. మా తమ్ముడు అడ్డాల నాడు నా చేతుల్లో పెట్టిన పిల్ల, స్ప్రే ఎవరి కోసమని నేను అనుకున్నానో ఆ మనిషి వెంటే పరిగెత్తుతుంటే, గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కళ్ళు మండుతున్నాయి. స్ప్రే వల్లే. ఇంకేమీ కాదు.

నన్ను మధ్యాహ్నం ఒంటిగంట పదికి వదిలారు. డబ్బా తీసుకున్నారు. యాభై అయిదులో ఎంత మిగిలిందో కొలిచి రసీదు ఇమ్మన్నాను. అధికారి చేతులు జోడించాడు.

నాలుగు గంటలకు శ్రీకాకుళం బస్సులో ఉన్నాను. పక్కవాళ్ళు నా వాసనకి కిటికీలు తీసి తలలు బయట పెట్టారు. నాలుగు దాటి మూడు నిమిషాలైంది, అయిదు నిమిషాలైంది. ఏడు నిమిషాలకు ఫోను మోగింది.

"అత్తా, మూడూ నలభైకే సేరిపోయాను. సంతకం పెట్టీసాను."

"దార్లో ఎవరైనా ఇబ్బంది పెట్టేరేటే?"

"ఎవరొస్తారత్తా? ఇమానంలో మా పక్కోలు లేచి వేరే సీట్లకి ఎల్లిపోయారు. సాలూరు మావయ్య ఆటో పిలిస్తే, ఆటోవాడు దిగి ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. హాస్టల్లో నా గదికి రావలసినమ్మాయి రేపొస్తానన్నాది. హైదరాబాద్ మొత్తంలో నా దగ్గరకి ఒక్కడూ రానేదు. నీ స్ప్రే బాగా పనిచేసిందత్తా."

ఆ రాత్రే డైరీలో, కత్తిరించిన ఆ కాగితం ఎదురు పేజీలో, తేదీ వేసి ఇలా రాసుకున్నాను: ఇకమీదట విమానం ఎక్కేముందు నియమం ఏ దేశానిదో చూస్తాను. సందేహం ఉంటే ఆ విమానంవాళ్ళనే అడుగుతాను. కుదరదంటే ఇంట్లో వదిలేసి వెళ్తాను. ఏ కాగితానికీ అంచు కత్తిరించను. పైకప్పు కింద, చెట్టు కింద, ఆకాశం కింద, ఎవరెంత రెచ్చగొట్టినా, ఏ డబ్బానూ గోటితో తట్టను. ఇది నా ప్రతిజ్ఞ.

రాసి, సిరా ఆరేదాకా ఊది, చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు. పేజీ మాత్రం అంచు దగ్గర కాస్త పొడుచుకు వచ్చింది. కత్తెర కోసం చెయ్యి పోయింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాను.