దేవకృప ఉందా, పోయిందా

బోయిగూడలో మా గల్లీ పిల్లలకు దేవకృప టీచర్ అంటే భయం, పెద్దవాళ్ళకు ముద్దు. తిరుమలగిరిలో ఒక స్కూల్లో సోషల్ చెబుతుంది. వాళ్ళింటి పై పోర్షన్‌లో నేను చాలా ఏళ్ళుగా అద్దెకుంటున్నాను కాబట్టి, ఆమె గురించి నాకు తెలిసినంత వాళ్ళమ్మకు కూడా తెలియదని నా నమ్మకం. వాళ్ళమ్మ గ్లోరియా గారు ఈ మాట ఒప్పుకోరు.

తండ్రి జీవరాజు గారు రైల్వేలో గార్డుగా చేశారు. వేసవి సెలవులు వస్తే పాస్ తీసుకుని కూతుర్ని వెంటబెట్టుకుని రైలెక్కేవారు. హౌరా, ద్వారక, జమ్ము, పట్టాలు ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా తిప్పారు. కన్యాకుమారిలో సముద్రం ఎదురుగా నిలబడి ఈ పిల్ల, "ఇంకా ముందుకు పోదాం నాన్నా" అందట. "మన పాస్ ఇక్కడి దాకేనమ్మా" అన్నారట ఆయన. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం దేవకృప మరిచిపోలేదు. క్లాసులో ప్రపంచ పటం విప్పిన ప్రతిసారీ గుర్తొచ్చేదని నాతో చెప్పింది.

స్టాఫ్ రూమ్‌లో ఎవరో అంటుంటే విన్నదట, ఆస్ట్రేలియావాళ్ళు మన దేశపు యువతకు ఒక వీసా ఇస్తున్నారని. ఏడాది పాటు అక్కడ తిరగొచ్చు, తిరగడానికి కావలసిన ఖర్చుకు తోటల్లో పండ్లు కోయడం లాంటి పని చేసుకోవచ్చు, ఆ తర్వాత ఇంటికి రావచ్చు. ముందు లాటరీలో పేరు రావాలి. పేరు వచ్చాక చదువు, ఇంగ్లిష్ పరీక్ష, ఆరోగ్యం, బ్యాంకులో సొమ్ము, పోలీసుల మంచి మాట, అన్నీ గడువు లోపల చూపించాలి. ముప్పై ఒకటి నిండినవాళ్ళు అసలు పేరే ఇవ్వకూడదు. దేవకృపకు అప్పటికే ముప్పై నిండాయి. మరో లాటరీ వచ్చేసరికి వయసు ఉండదు. వస్తే ఈసారే రావాలి.

వచ్చింది.

"బీఈడీ చదివి పరాయి దేశంలో పండ్లు కోస్తావటే? మన సొంతూరు బందరులో మామిడి తోటలు లేవా?" అని గ్లోరియా గారు రెండు రోజులు సణిగారు. మూడో రోజు మనసు మార్చుకున్నారు. ఆవిడ మనసు మార్చుకుంటే మామూలుగా ఉండదు. అందుకుంటామని నమ్మినదాన్ని అందుకున్నట్టే ఎంచి దేవుణ్ణి స్తుతించాలన్నది ఆవిడ పద్ధతి. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "దేవుడు నా బిడ్డని సముద్రాలు దాటించాడు" అని సాక్ష్యం చెప్పేశారు. అప్పటికి కూతురు ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కింది, అంతే. పోలీసు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టింది. దాటింది మాత్రం బోయిగూడ రైల్వే బ్రిడ్జి కూడా కాదు.

ఆ వారమే ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. పాస్టర్ సైలస్ గారు క్షేమ ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. గల్లీ అంతా వచ్చి పులావ్ తిన్నది. ఎదురింటి శారదమ్మ డబ్బా నిండా సకినాలు చేసి తెచ్చి, "ఆడ గివి దొరకవు బిడ్డా" అని ఇచ్చింది. ఆ సకినాలు బోయిగూడ దాటకుండానే నేనూ, గ్లోరియా గారూ పూర్తి చేశాం.

మర్నాడే దేవకృప చిన్న సంచి సర్దుకుని తిరుమలగిరిలో ఉన్న డోరా పిన్ని ఇంటికి వెళ్ళింది. స్కూల్లో పరీక్షలు, పేపర్లు దిద్దే పని. స్కూలు అక్కడికి దగ్గర. కానీ గల్లీ లెక్క వేరు. ప్రార్థన అయింది, పులావ్ అయింది, సంచితో ఆటో ఎక్కింది, మళ్ళీ కనిపించలేదు. అంటే పిల్ల ఆస్ట్రేలియాలో ఉన్నట్టే.

అలాంటి రోజుల్లో మధ్యాహ్నం పూట ఆ సర్టిఫికెట్ కోసం వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వేణుమాధవ్ వచ్చాడు. గ్లోరియా గారు స్త్రీల కూడికకు వెళ్ళారు. నేను ఆఫీసులో ఉన్నాను. ఆయన దేవకృపకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ స్కూల్లో టీచర్ల ఫోన్లు సాయంత్రం దాకా ఆఫీసు గదిలో ఉంటాయి. గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న శారదమ్మే ఆయనకు దొరికింది.

"దేవకృప ఈడనే ఉంటదా అమ్మా?"

"ఉంటుండె సార్. మొన్ననే ఆస్ట్రేలియా పోయింది. బంగారమసొంటి పిల్ల."

పక్కనే కిరాణా కొట్టు ఓంప్రకాశ్, తనకు తెలియదంటే చిన్నతనం అనుకున్నాడేమో, "అవ్ సార్, ఎయిర్‌పోర్టుకు సుత పోయిన్రు అందరు" అని కలిపాడు. చిరునామాలో మనిషి లేదని కానిస్టేబుల్ రాసుకున్నాడు. శారదమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి మరీ సాగనంపింది.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే ఈ సంగతంతా ఆమే సంబరంగా చెప్పింది. నా కోపం గల్లీకి కొత్త కాదు. ఆ రోజు మాత్రం ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాను. మనిషి లేదని రాస్తే సర్టిఫికెట్ రాదని, అది లేకపోతే వీసా లేదని మెల్లగా విడమరచి చెప్పేసరికి ఆమె ముఖం పాలిపోయింది. "పొగుడుతున్న అనుకున్నగని, ఆపుతున్న అనుకోలె" అంది.

ఫోన్ చేస్తే దేవకృప వచ్చి మెట్ల మీద కూలబడింది. "గడువు లోపల సర్టిఫికెట్ రాకపోతే నాకు ఇంకోసారి లేదు అక్కా" అంది నాతో. గ్లోరియా గారు కూతురి పక్కన కూర్చున్నారు. "నేను దేవుడికి చెప్పాలనుకున్నానే, ఊరికి చెప్పేశాను" అన్నారు. శారదమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లవారి పోలీస్ స్టేషన్‌కు అందరికంటే ముందు నడిచింది శారదమ్మే. ఆమె వెనక ఓంప్రకాశ్ కొట్టు మూసేసి వచ్చాడు. దేవకృపను చూపించి, "గీ పిల్లనే సార్. యాడికి పోలె. నా నోటితోని నేనే పంపిచ్చిన" అంది శారదమ్మ.

వేణుమాధవ్ నవ్వాపుకున్నాడు. "రిపోర్టు ఇంకా పైకి పోలె, మీ అదృష్టం. గని ఈడ కూసొని మార్చరాదు. రేపు మళ్ళ వస్తా. మేడమ్ ఇంట్ల ఉండాలె. ఇరుగుపొరుగుల ఇద్దరు సంతకం పెట్టాలె."

పరీక్షల మధ్యలో కూడా దేవకృపకు హెడ్‌మిస్ట్రెస్ సెలవిచ్చింది. ఆ రోజు మా గల్లీలో ఎవరూ పనికి పోలేదంటే అతిశయోక్తే. కానీ ఆఫీసుకు పోవలసిన నేను పోలేదు. ఓంప్రకాశ్ కొట్టు బల్ల తెచ్చి మా గుమ్మంలో వేశాడు. కానిస్టేబుల్ వచ్చేసరికి ఆ బల్ల మీద చోటు లేదు, మెట్ల మీద చోటు లేదు. పెళ్ళికి వచ్చినట్టు అందరూ తలలు దువ్వుకుని కూర్చున్నారు.

"ఇద్దరు చాలమ్మా" అన్నాడాయన.

ఎవరూ లేవలేదు. "పుట్టినప్పటిసంది చూస్తున్న, నాది రాసుకో" అని ఒకరు, "మా పిల్లకు చదువు చెప్పింది" అని ఇంకొకరు. పాపం, ఆయన కాగితంలో ఉన్న చోటు సరిపోలేదు. శారదమ్మ మొదటి సంతకం ఆగి ఆగి పెట్టింది. పెట్టేముందు దేవకృప చెయ్యి పట్టుకుని, "గీసారి కండ్లతోని చూసిందే చెప్తున్న సార్" అంది.

దేవకృప ఏడ్చేసింది. "లాటరీ ఆస్ట్రేలియాలో తగిలిందనుకున్నానక్కా. ఈ గల్లీలో పుట్టినప్పుడే తగిలింది" అని ఆ సాయంత్రం నాతో అంది. నాకూ కళ్ళు తడిశాయి, ఎందుకు దాచాలి? కిరాయి పెరిగిన ప్రతిసారీ ఇల్లు మారాలనుకునే నేను, ఆ తర్వాత ఆ ఆలోచన మానుకున్నాను.

గడువు లోపలే సర్టిఫికెట్ వచ్చింది. దాని వెనకే వీసా వచ్చింది. గ్లోరియా గారు మాత్రం చర్చిలో పెదవి విప్పలేదు. కూతురు దిగి ఫోటో పంపిన తర్వాతి ఆదివారమే లేచి నిలబడ్డారు. అంతకు ముందు, ప్రయాణం రోజున శారదమ్మ మాతోపాటు ఎయిర్‌పోర్టుకు వచ్చింది. చేతిలో మళ్ళీ సకినాల డబ్బా. ఆ పిల్ల అద్దాల తలుపుల లోపలికి వెళ్ళి కనుమరుగయ్యేదాకా కదల్లేదు. "ఇగ చెప్పొచ్చు" అంది.

ఇప్పుడు దేవకృప ఏదో ఊళ్ళో ద్రాక్ష కోస్తోంది. ఫోన్లో తోటలు చూపిస్తుంది, సముద్రం చూపిస్తుంది. తిరిగొచ్చాక పిల్లలకు పటంలో ఎక్కడెక్కడ వేలు పెట్టి చూపించాలో రాసుకుంటోందట.

మొన్న ఓటర్ల లిస్టు సరిచూడటానికి ఒకామె వచ్చింది. నేను మెట్లు దిగుతున్నాను. శారదమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"జీవరాజు కూతురు దేవకృప. ఈడ ఉంటుందా అమ్మా?"

శారదమ్మ నా వంక ఒకసారి చూసి, ఆమెవైపు తిరిగింది.

"ఈడనే ఉంటది. జెర బయటికి పోయింది, వస్తది."