తనిఖీ రోజున అరువు పిల్లలం

మా చిన్నప్పుడు... ఖరగ్‌పూర్‌లో మా సర్కారు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున, నేను నా ఎర్ర యూనిఫారం గౌను విప్పేసి పక్కింటి పిల్ల నీలం పావడా తొడుక్కున్నాను. నడుము దగ్గర వదులైతే అమ్మ పిన్నీసు పెట్టింది.

"అడిగితే నాలుగో తరగతని సెప్పు. ఇంగ్లీషు ముక్క నోట్లోంచి రానీకు," అంది.

నిజానికి నేను ఆ బడిలో చదివింది ఒకటో తరగతి మాత్రమే. ఆ తర్వాత ఇంగ్లీషు మీడియంలో చేరాను. అయినా సర్కారు బడి హాజరుపట్టీలో నా పేరు అలాగే ఉంది... నాలాంటి పేర్లు ఇంకో ఎనిమిది ఉన్నాయి.

బడి అంటే బెంగాలీ ప్రైమరీ స్కూలు వసారాలో చివరి గది. తెలుగు సెక్షన్. ఒక మేష్టారు, నాలుగు తరగతులు, నేలమీద చాపలు. రైల్వే వర్క్‌షాపులో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మా తాతలు పట్టుబట్టి అడిగి తెచ్చుకున్న గది అది. పిల్లలు తగ్గిపోయారు. తలలు లెక్కపెట్టి, చాలకపోతే మూసేస్తారని కబురు వచ్చింది.

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లిదండ్రుల కమిటీకి పెద్ద కూడా. ఆదివారం ఆదివారం సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని మాన్పించొద్దని చెప్పేవాడు. బళ్లు తెరిచే ముందు ఒక ఆదివారం నన్నూ ఎక్కించుకుని, పట్టాలవతల బస్తీలో ఉండే మరియమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. కూతురు ఎస్తేరు నా ఈడుదే. నాలుగో తరగతిలోకి రావాలి.

"అన్నా, డ్యూటీలో ఒక దీదీ బెంగాలీ బళ్లో సీటు సూసింది. రెండో తరగతిలో ఏసుకుని, విడిగా అచ్చరాలు కూడా నేర్పుతారంట. ఈ వారమే సేర్చాల. ఏటి సెయ్యమంటావు?" అని అడిగింది మరియమ్మ.

"నువ్వు తీసేస్తే నీ యెనకాల పదిమంది తీసేస్తారు సెల్లీ."

"నీ పిల్లని నువ్వు తీసేసినావు కదన్నా."

"ఈ ఏడు మళ్లీ తెచ్చేస్తన్నాను. నీ పిల్ల పక్కనే కూకోబెడతాను. సరేనా?"

మరియమ్మ నా వైపు చూసింది. "అవునేటమ్మా?"

అప్పటికే ఇంగ్లీషు బడి కొత్త పుస్తకాలకు అమ్మ అట్టలు వేసేసింది. నాకు తెలుసు... అయినా తల ఊపాను. మాట నాన్నది. తల ఊపింది మాత్రం నేనే.

మరియమ్మ ఆ సీటు వదులుకుంది.

బళ్లు తెరిచిన నాలుగో రోజునే తనిఖీ వచ్చింది. ఆ రోజున ఎస్తేరు పక్కన చాపమీద నన్ను చూసి ఆవిడ ఎంత సంతోషించిందో... డ్యూటీ మధ్యలో వచ్చి, కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరింది. "మీ నాయన మాటంటే మాటేనమ్మా," అంది.

ఇన్‌స్పెక్టరు పెద్దాయన. నెమ్మదస్తుడు. ఒక్కొక్క పేరూ పిలిచాడు. అందరం హాజరు పలికాం. లెక్క సరిపోయింది. సంతకం పెట్టబోతూ కిందకి చూశాడు.

చెప్పులు, బూట్లు బయట విడిచి వచ్చాం. రోజూ వచ్చే పిల్లలవి ఉత్త కాళ్లు. మా తొమ్మిదిమందికీ ఇంగ్లీషు బడి తెల్ల మేజోళ్లు, పైన రెండేసి ఎర్ర గీతలు. బట్టలు మార్చిన తల్లులెవరికీ మేజోళ్లు తట్టలేదు.

"మాస్టర్ మోశాయ్, వీళ్లందరి మేజోళ్లూ ఒకటేనేమిటి?" అని బెంగాలీలో అడిగాడు. మేష్టారు తల దించుకున్నారు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, ఏ బడి అని హిందీలో అడిగాడు. నేను మా ఇంగ్లీషు బడి పేరు చెప్పేశాను.

వసారాలో కమిటీవాళ్లతో నిలబడ్డ నాన్నని మరియమ్మ అడగడం వినపడింది.

"ఏటన్నా... నా పిల్లేమో సొంతం, నీ పిల్ల అరువా?"

"సెక్షన్ నిలబడాల కదా సెల్లీ..."

"ఎవులి కోసం నిలబెడతావు?"

ఇన్‌స్పెక్టరు మా తొమ్మిది పేర్లూ కొట్టేసి, మిగిలిన లెక్క రాసుకుని వెళ్లాడు. ఆయన తప్పేమీ లేదు.

కొన్నాళ్లకి సెక్షన్ మూసేశారు. మిగిలిన పిల్లల్ని పక్క గదిలో బెంగాలీలో కలిపారు. దీదీ చూసిన సీటు ఎప్పుడో ఇంకొకరికి పోయింది. బెంగాలీ అక్షరాలు రావని ఎస్తేరుని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. చిన్నపిల్లల మధ్య అందరికన్నా తలెత్తు పొడవుగా... కొన్ని నెలలు వెళ్లి మానేసింది. తల్లితో పాటు పనికి వెళ్లడం మొదలుపెట్టింది.

నాన్న ఆదివారాలు సైకిలు తియ్యడం మానేశాడు. ఆ సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను విలేకరినయ్యాను. మూతపడిన బడుల గురించి చాలా వార్తలు రాశాను. 'పిల్లలు లేకపోవడంతో' అని కారణం రాసేదాన్ని. మా బడి గురించి మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. రాస్తే కారణం దగ్గర మా ఇంటిపేరు రాయాలి.

కిందటేడు గోల్‌బజార్‌లో చేపల దగ్గర ఎస్తేరు కనిపించింది. చంకలో సంచి, చేతిలో మనవరాలి చెయ్యి.

"ఏటే, నన్ను గుర్తుపట్టినావా? పేపరోళ్లకి మా మొకాలు గుర్తుంటాయా!" అని నవ్వింది. మనవరాలికి నన్ను చూపించి, "నాతోటి సదువుకుంది. నాలుగో తరగతి దాకా ఒకే సాప మీద కూకున్నాం," అంది.

మరిచిపోయి అందో... పిల్ల ముందు నా పరువు కాపాడిందో... తెలియదు. వార్తలో ఒక్క తప్పు దొర్లినా మర్నాడు సవరణ వేయించేదాన్ని. అక్కడ మాత్రం తల ఊపి ఊరుకున్నాను.

ఆ చివరి గదిలో ఇప్పుడు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉన్నాయి. మా రైల్వే క్వార్టర్ల పిల్లలకి తెలుగు మాట వస్తుంది... అక్షరం రాదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి బడి మూతపడి ఉంటే, అందులో మీ ఇంటివాళ్ల చెయ్యి ఉంటే, కింద రాయండి. ఇతరుల సంగతి అడిగే ముందు నాది చెప్పాలని... ఇన్నేళ్లకి రాశాను.