కంబం దాకా ఈత

మా ఇంటికి చుట్టాలు వస్తే లేపాక్షికి తీసుకుపోతాం. చుట్టాలు రాకపోయినా లేపాక్షికే పోతాం. నా పెళ్లికి ముందు నుంచి నా కూతురికి పాలపళ్లు ఊడేదాకా మా ఇంటి చరిత్రంతా ఆ రాతి నంది పక్కన నిలబడి దిగిన ఫోటోల్లోనే ఉంది. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి, అది మా వల్ల కాలేదు. అందుకే ఆ ఏడు వానలకు కళ్యాణదుర్గం అవతల మా అమ్మ పుట్టింటి ఊరి చెరువు నిండి మరవ పారుతోందని ఫోన్ వచ్చేసరికి మా కాళ్లు నేలమీద నిలవలేదు. మరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్ట. మా వైపు మరవ పారిందంటే చాలు, పిల్లాజెల్లాతో, సద్దిమూటలతో జనం తీర్థానికి పోయినట్టు పోతారు.

నేనింకా ఫోన్ పెట్టేయలేదు, ఎనిమిదేళ్ల నా కూతురు మంచం మీద ఎగరడం మొదలుపెట్టింది.

"తాతా! నువ్వు ఈదిన చెరువే గదా! రేపు మళ్లా ఈదల్ల నువ్వు. నేను వీడియో తీస్తా!"

మా నాయన పేపర్ చదువుతున్నాడు. ముఖానికి అడ్డం పెట్టుకున్న పేపర్ దించలేదు.

మా నాయన ఈత కథ అనంతపురంలో మా వీధి వీధంతటికీ తెలుసు. ఆ చెరువు మధ్యలో ఒక రాతి కంబం ఉంది. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చూసుకోవడానికి పాతకాలం వాళ్లు నాటింది. పెళ్లయిన ఏడు చెరువు నిండినప్పుడు మా నాయన గట్టు మీది మెట్ల దగ్గర నీళ్లలోకి దిగి, కంబం దాకా ఈదుకుంటూ పోయి, దాని తల ముట్టి వెనక్కి వచ్చాడట. కొళాయి రాని రోజు మాకు ఈ కథ చెప్పేవాడు. ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టి నిలబడితే ముందువాళ్లకీ వెనకవాళ్లకీ చెప్పేవాడు. నా పెళ్లిచూపుల్లోనూ చెప్పాడు. పాపం మా ఆయన నన్ను చూడ్డానికి వచ్చి, మా నాయన ఈత విని పోయాడు. చెప్పిన ప్రతిసారీ కంబం ఇంకాస్త దూరం జరిగేది. ఒక్క మాట మాత్రం మారేది కాదు. "నీళ్లల్లో తల ఒగటే కనపడతాండె, బోర్లిచ్చిన చెంబు మాదిరి" అనేవాడు. నీ తల నీకెట్లా కనపడింది నాయనా అని నా పదో ఏట అడిగాను. "కత చెప్తాంటే అడ్డం రావద్దు" అని కసిరాడు. మా అమ్మ ఆ కథ నడుస్తున్నంతసేపూ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనో బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలుచుకుంటూనో కూర్చునేది. ఔననేది కాదు, కాదనేది కాదు.

నేనైతే ఒక్కనాడూ నమ్మలేదు. నాకు తెలిసి ఆ చెరువులో మేకలు మేశాయి, పిల్లలు క్రికెట్ ఆడారు, ఒకసారి పెళ్లి షామియానా కూడా వేశారు. నా కూతురు మాత్రం నమ్మింది. నమ్మి ఊరుకోకుండా బళ్లో టీచర్ అడిగితే క్లాసంతటి ముందూ నిలబడి చెప్పింది. పక్క బెంచీ పిల్ల "మీ తాత అబద్ధాలకోరు" అందట. ఇది ముక్కు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చింది. అప్పటి నుంచి తాత మాట నిజమని ఆ పిల్లకు చూపించడమే దాని బతుకు. ఇప్పుడు చెరువు నిండింది, మా నాయన ఇరుక్కున్నాడు. ఉన్నమాట చెప్తాను, నాకు లోపల్లోపల పండగగా ఉంది. ఇన్నేళ్ల గొప్పలు రేపటితో బయటపడతాయని నవ్వుకుంటూ పడుకున్నాను.

తెల్లారి కారు నింపడమే ఒక తిరునాళ్ల. చిత్రాన్నం గిన్నె, ఓళిగల డబ్బా, మిరపకాయ బజ్జీలు, ఉడకబెట్టిన బుడ్డలు, కూర్చోవడానికి దుప్పటి, అన్నిటికంటే ముందు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్. దాన్ని ఎత్తలేక మా ఆయన రొప్పాడు.

"అత్తా, చెరువు సూసేదానికి పోతా నీళ్ల క్యాన్ ఏంటికి?"

"ఆ నీళ్లు సూసేదానికప్పా, ఈ నీళ్లు తాగేదానికి" అంది మా అమ్మ.

నీళ్లు మోసుకోకుండా గడప దాటడం మాకు అలవాటు లేదు. మరో జత బట్టలు గానీ ఒక తువ్వాలు గానీ పెట్టుకోవాలని మాత్రం ఐదుగురిలో ఒక్కరికీ తోచలేదు. తడుస్తామనే ఆలోచనే మా బుర్రల్లో లేదు.

కారు ఊరు దాటకముందే నాయన సాకులు మొదలయ్యాయి. ముందు మోకాలు పట్టుకుందన్నాడు. నీళ్లలో బరువుండదు, మోకాలికి మంచిది అని పాప చెప్పింది. పొద్దున ఉగ్గాని కడుపునిండా తిన్నాను, తిని ఈదకూడదన్నాడు. చేరేలోపల అరిగిపోతుందంది. కొత్తనీళ్లలో పాములుంటాయన్నాడు.

"అప్పుడు లేకుండెనా తాతా పాములు?"

"అప్పటి పాములు మంచివి" అన్నాడు నాయన. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

దారి పొడుగునా మా జిల్లా మాది కానట్టు పచ్చగా ఉంది. ఎక్కడ వంక పారుతున్నా కారు ఆపాం. మేమే కాదు, లారీలవాళ్లు, బస్సులవాళ్లు కూడా ఆపి, కల్వర్టుల మీద నిలబడి మోకాలి లోతు ఎర్రనీళ్లను నోరు తెరిచి చూస్తున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు "పైన చెరువు నిండిందంటన్నా!" అని మాకు చెప్పారు. "మేమూ ఆడికే పోతాండామన్నా!" అని మేమూ అరిచాం. రెండు గంటల దారికి నాలుగు గంటలు పట్టింది. ఎవరికీ కోపం రాలేదు. ముక్కుమీద కోపం ఉండే నాకే రాలేదంటే చూసుకోండి.

మరవ దగ్గర జనం ఈగల్లా ముసిరి ఉన్నారు. బజ్జీల బండ్లు, బుడగలవాడు, పసుపు కుంకుమ చల్లి గంగమ్మకు హారతిస్తున్న ఆడవాళ్లు. నీళ్లు రాతికట్ట మీద నుంచి తెల్లగా దూకుతుంటే ఆ తుంపర ముఖానికి తగిలి నాకు ఒళ్లు తెలియలేదు. ఇంట్లో చొక్కా మడత నలిగితే గంటసేపు గొణిగే మా ఆయన ప్యాంటుతో సహా కట్ట కింద కూర్చుని నీళ్లకు వీపు పట్టాడు. నేను చీరతోనే దిగాను, పాప నా చెయ్యి పట్టుకుని కెవ్వు కెవ్వుమంది. నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు నొప్పి పుట్టాయి. నాయన మాత్రం తడి తగలకుండా దూరంగా నిలబడి బజ్జీ తింటున్నాడు.

"తాతా, ఇంగ కంబం!" అని పాప ఆయన చొక్కా పట్టుకుంది.

మరవకు చాలా ఎడంగా, గట్టు మలుపులో, నీళ్లు కదలకుండా నిలబడిన చోట మెట్లున్నాయి. అక్కడికి నడిచాం. కంబం కనబడింది. మా ఇంటికీ వీధి మూల మీది కిరాణా అంగడికీ ఉన్నంత దూరంలో, నీళ్లలో నుంచి జానెడు తల పైకి పెట్టుకుని ఉంది.

"ఇంతేనా!" అన్నాడు మా ఆయన.

"అప్పుడు దూరముండె" అన్నాడు నాయన.

"కంబం నడుసుకుంటా వచ్చిందా నాయనా?" అన్నాను నేను, ఊరుకోలేక.

పాప అప్పటికే గట్టు మీదున్న వాళ్లందరికీ మా తాత ఈదుతాడని చాటింపు వేసింది. జనం పోగయ్యారు. నాయన ప్యాంటు పైకి మడిచి ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. నీళ్లు నడుము దాకా వచ్చాక ఆగాడు. పాప ఫోన్ ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసుకుంది. "కానీ పెద్దాయనా!" అని ఎవరో అరిచారు, ఇంకెవరో ఈల వేశారు. నాయన కదల్లేదు. ఆయన ఎడమ చెయ్యి వెనక్కి చాచి మెట్టు రాయిని గట్టిగా పట్టుకుని ఉంది.

అది చూసేసరికి నా నవ్వు ఎండిపోయింది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన తమాషా ఇదేనా అని నా మీద నాకే సిగ్గేసింది.

"సాల్లే నాయనా, పైకి రా. ఈడ లోతుండాది" అన్నాను.

పాప ఫోన్ దించింది.

"తాతా, నీకు ఈత వస్తాది గదా?"

ఆయన దాని ముఖం చూశాడు. తర్వాత మెట్ల పైన నిలబడిన మా అమ్మ వైపు చూశాడు.

అప్పుడు మా అమ్మ తన కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. చెప్పులు పక్కకు విడిచింది. కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్లు వెనక్కి దోపి కచ్చె పోసుకుంది. మెట్లు దిగి నాయన పక్కన నిలబడి, "కొంచెం పక్కకు జరుగు" అంది. ఆయన జరిగాడు.

"అమ్మా!" అని నేను అరిచేలోపల ఆమె నీళ్లలో ఉంది.

అరవై దాటిన మా అమ్మ ఈదుతోంది. చప్పుడు లేదు, తొందర లేదు, చేతులు రెండు పక్కలకూ నీళ్లను తోస్తున్నాయి. తల ఒక్కటే కనపడుతోంది, బోర్లించిన చెంబులా. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషికి ఈత వచ్చని నాకు తెలియదు. తెలియడానికి ఆమెకు ఈదేటన్ని నీళ్లు ఎక్కడివి? బిందెలు, బకెట్లు, ట్యాంకర్లు తప్ప నేనేం చూశాను? భయంతో నా గుండె నోట్లోకి వచ్చింది, అదే నోట్లో నుంచి నవ్వూ తన్నుకొస్తోంది. రెండూ కలిసి ఏదో వింత కూత బయటపడింది.

నాయన సంగతి చెప్పనే అక్కర్లేదు. మోకాలి నొప్పి మరిచిపోయి మెట్ల మీద ఆ చివరికీ ఈ చివరికీ తడి ప్యాంటుతో పరుగెత్తుతున్నాడు. "సూడండప్పా, సూడండి! నా పెండ్లాం! ఎట్ల పోతాందో సూడండి! పాపా, తీస్తాండావా? బిరీన తియ్యి!" కనబడిన ప్రతివాడి భుజం పట్టుకుని ఊపుతున్నాడు. బుడగలవాణ్ణి కూడా వదల్లేదు. అమ్మ కంబం తల మీద చెయ్యి వేసింది. కాసేపు దాన్ని పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. గట్టంతా చప్పట్లు, ఈలలు. ఎంత నిదానంగా పోయిందో అంత నిదానంగా వెనక్కి వచ్చింది.

ఆమెకు తువ్వాలు లేదు, వేరే చీర లేదు. దుప్పటి తెచ్చి చుట్టాను. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి గానీ ఆ ముఖంలో వెలుగు నేనెన్నడూ చూసింది కాదు.

"ఏమ్మా, ఎప్పుడు నేర్చుకొంటివి?" అన్నాను. కోపంగానే అన్నాను. నాకు చెప్పలేదని నిజంగానే కోపం వచ్చింది.

"చిన్నప్పుడు మా చేని బాయిలో. నడుముకు సొరబుర్ర కట్టి మా నాయన తోసినాడు" అంది.

పాప తాత ఎదురుగా నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అయితే నువ్వు చెప్పింది అబద్ధమేనా తాతా?"

నాయన దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "కత నిజమే పాపా. ఈదింది మీ అవ్వ. నేను ఇదే మెట్ల మీద నిలబడి సూస్తాంటి. ఆ దినం మాదిరి సంబరం నాకు మళ్లా ఎన్నడూ కాలేదు. మా ఊరికి పోయినాక ఈ సంగతి తెలిసి మా అమ్మ గగ్గోలు పెట్టింది, కొత్త కోడలు మొగోళ్ల ముందర చెరువులో ఈదిందంటే మన మర్యాద ఏమవుతాదని. బయట ఒక మాట పొక్కినా ఇంట్లోకి రానీనని బెదిరిచ్చి, మీ అవ్వతో ఒట్టేయించుకొనింది. ఆమె నోరు మూసుకొనింది. నా వల్ల కాలేదు. చెప్పకుంటే కడుపు ఉబ్బిపోతాండె. అందుకని నేనే ఈదినానని చెప్తా వచ్చినా."

"మరి మీ అమ్మ, మా జేజి, పోయి ఇన్నేళ్లాయ గదా నాయనా" అన్నాను. "అప్పుడన్నా చెప్పొచ్చు గదా?"

"అప్పటికి అందరికీ నేనే ఈదినవాణ్ణయిపోతి" అన్నాడు తలొంచుకుని. "ఎట్ల దిగేది దాంట్లోనుంచి?"

పాప ఫోన్‌లో వీడియో ఇంకోసారి చూసుకుంది. పక్క బెంచీ పిల్లకు ఏం చెప్పాలో తనలో తాను తేల్చుకున్నట్టుంది, తాత ఒళ్లో కూర్చుని ఓళిగ అడిగింది. మా అమ్మ డబ్బా తెరిచి దానికొకటి ఇచ్చింది, నాయనకొకటి ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఆమె ముఖంలోకి చూడడానికి జంకుతున్నాడు.

"తినప్పా" అంది అమ్మ, దుప్పట్లో ముడుచుకుని. "ఇన్నేండ్లూ నా ఈత నువ్వే ఈదితివి, అలసిపోయింటావు. ఇంగ నాది నేను ఈదుకుంటాలే."